రాజీనామా కాగితం డ్రాయర్లోనే ఉండనివ్వండి

ప్రశ్న:

అమ్మా, నాకు 41 ఏళ్ళు. ఒంగోలులో జీవిత బీమా కార్యాలయంలో ఉద్యోగం. ప్రీమియం కౌంటర్లో చేరి, పదిహేడేళ్ళలో క్లెయిముల సెక్షన్‌ దాకా వచ్చాను. డిగ్రీ రోజుల నుంచి కవితలు రాస్తున్నాను. ఒక పాతిక దాకా పత్రికల్లో వచ్చాయి. ఈమధ్య ఒక పుస్తకావిష్కరణ సభలో ఒక పెద్దాయన, "ఉద్యోగం చేసుకుంటూ తీరిక దొరికినప్పుడు రాసేది ఆదివారం కవిత్వం. అమెరికాలో చూడండి, కవులు కవిత్వం మీదే బతుకుతారు" అన్నారు. ఆ మాట గుచ్చుకుంది. రాజీనామా రాసి ఆఫీసు డ్రాయర్లో పెట్టుకున్నాను. బీమా కంపెనీలో పనిచేస్తూనే పేరు తెచ్చుకుని, తర్వాత అమెరికా ఆస్థానకవి అయినాయన ఒకరున్నారని మీరు ఒకసారి రాశారు. ఆయన ఎలా బతికారు, ఎప్పుడు రాశారు? నాకు సాయంత్రానికి ఒంట్లో ఓపిక ఉండదు. మొన్న ఒక ముసలాయన తన భార్య పాలసీ క్లెయిముకి వచ్చాడు. బాండుని వాళ్ళ పెళ్ళి శుభలేఖ కవర్లో పెట్టి తెచ్చాడు. కాగితాలన్నీ ఇచ్చాక ఆ కవర్ మాత్రం వెనక్కి ఇమ్మన్నాడు. ఇలాంటివి రోజూ చూస్తాను, ఒక్కటీ రాయలేకపోతున్నాను. కాగితం మేనేజరు గారికి ఇచ్చేయనా?

ఒక పాఠకురాలు, ఒంగోలు

జవాబు:

ఇవ్వకండి అమ్మా. ఇప్పుడే ఇవ్వకండి. మీరు మొదటి వాక్యం దగ్గరే చదవడం ఆపేసినా ఈ ఒక్క మాట అందాలని ముందే రాస్తున్నాను. ఎందుకు వద్దంటున్నానో చెప్పాలంటే మీరు అడిగిన ఆ మనిషి కథ మొత్తం చెప్పాలి. కొంచెం పొడవు కథ.

ఆయన పేరు టెడ్ కూజర్. 1939 ఏప్రిల్ 25న అయోవా రాష్ట్రంలో ఎయిమ్స్ అనే ఊళ్ళో పుట్టాడు. తండ్రి అక్కడ ఒక డిపార్ట్‌మెంట్ స్టోర్ నడిపేవాడు. అమెరికా నడిబొడ్డున మొక్కజొన్న చేల మధ్య ఉన్న ఊరు అది. పుస్తకాలు అచ్చువేసే న్యూయార్కుకి చాలా దూరం. కుర్రతనంలో కవిత్వం మీద ప్రేమకన్నా కవి అనిపించుకోవాలన్న మోజే తనని ఇటు లాగిందని ఆయనే దాచకుండా చెప్పుకున్నాడు. 1962లో అయోవా స్టేట్ యూనివర్సిటీలో డిగ్రీ పూర్తిచేసి, ఒక ఏడాది హైస్కూల్లో పాఠాలు చెప్పి, 1963లో పక్క రాష్ట్రం నెబ్రాస్కాకి వెళ్ళాడు. లింకన్ నగరంలోని యూనివర్సిటీలో కార్ల్ షపీరో ఉన్నాడు. అమెరికాలో రచయితలకిచ్చే పెద్ద గౌరవం పులిట్జర్ బహుమతి, దాన్ని అప్పటికే అందుకున్న కవి. ఆయన దగ్గర చదువుకోవాలని కోరిక.

అక్కడ ఏం జరిగిందో వినండి. షపీరో చుట్టూ తిరగడంలోనే రోజులు గడిచాయి. మిగతా చదువు అటకెక్కింది. ఏడాది తిరిగేసరికి యూనివర్సిటీ ఇచ్చే సాయం ఆగిపోయింది. మీ పెద్దాయన చెప్పిన "పూర్తిగా కవిత్వానికే ఇచ్చుకోవడం" కూజర్ పాతికేళ్ళ వయసులోనే చేసి చూశాడన్నమాట. పెళ్ళయింది, చేతిలో డబ్బు లేదు. దొరికిన ఉద్యోగంలో చేరిపోయాడు. అది జీవిత బీమా కంపెనీ. అక్కడ మొదలైన బీమా ఉద్యోగం కంపెనీ మారినా 35 ఏళ్ళు సాగింది. ఆగిపోయిన ఎమ్మే పనిచేసుకుంటూనే 1968లో పూర్తిచేశాడు. మొదటి పెళ్ళి నిలవలేదు, 1969లో విడిపోయారు. ఆ ఏడాదే మొదటి కవితా సంపుటి వచ్చింది. ఒకే ఏడాదిలో ఇవి రెండూ జరగడం నాకెప్పుడూ మనసుకి తగులుతుంది. పుస్తకం వచ్చిందని సంతోషపడే ఇల్లే అప్పటికి లేదు.

ఇక మీరు అడిగిన అసలు సంగతి, ఎప్పుడు రాశాడు అన్నది. తెల్లవారుజామున 4:30కి లేచేవాడు. కాఫీ పెట్టుకుని, నోట్‌బుక్ ఒళ్ళో వేసుకుని ఏడింటి దాకా కూర్చునేవాడు. ఆ తర్వాత స్నానం, టై, ఆఫీసు. ఇలా ఒకటీ రెండూ కాదు, దశాబ్దాలు. ఆ గంటల్లో రోజూ కవిత పుట్టేదని అనుకోకండి. చాలా పొద్దులు ఉత్తినే పోయేవి, పనికొచ్చేది ఎప్పుడో ఒకటి. కానీ ఆ ఎప్పుడో ఒకటి వచ్చే రోజున తను కుర్చీలో ఉండాలి కదా, అందుకే రోజూ కూర్చునేవాడు. ఇరవై వాక్యాలు దాటని చిన్న కవితని ముప్పై నలభైసార్లు తిరగరాసేవాడు. అన్నిసార్లు రాశాక అది ఒక్క ఊపులో రాసినట్టు కనపడాలి. ఆయన పడ్డ శ్రమంతా ఆ శ్రమ కనపడకుండా చేయడానికే.

ఆఫీసులో మొదట్లో ఆయన పని అండర్ రైటింగ్. మీకు నేను వివరించక్కర్లేదు. ఎన్నడూ చూడని మనిషి కాగితాల మీద ముందుకొస్తాడు. ఎత్తు ఇంత, బరువు ఇంత, తండ్రి ఏ వయసులో పోయాడు, తల్లికి ఏ జబ్బు. ఆ నాలుగు ముక్కల నుంచి ఈ మనిషి ఎలా బతుకుతున్నాడో, ఎన్నాళ్ళు బతుకుతాడో అంచనా కట్టి, పాలసీ ఇవ్వవచ్చో లేదో తేల్చాలి. ఆయన కవితల్లో బాగా పేరున్న ఒకటుంది, పాడుబడ్డ పొలం ఇంటి మీద రాసింది. అందులో మనుషులెవరూ కనిపించరు. పగిలిన పళ్ళేల కుప్ప మీద పడున్న బూట్ల సైజు చెబుతుంది ఆ ఇంటాయన భారీ మనిషని. మేడ మీద గదిలోని మంచం పొడవు చెబుతుంది ఆయన పొడగరి అని. అట్ట ఊడిన బైబిలు చెబుతుంది దైవభక్తి ఉన్నవాడని. కానీ సేద్యం చేతకాదని పొలం నిండా ఉన్న రాళ్ళు చెబుతాయి. గోడకి అంటించిన పూల కాగితం ఇక్కడ ఒక ఆడమనిషి ఉండేదంటుంది. ట్రాక్టరు టైరుతో చేసిన ఇసుక గుంట ఒక బిడ్డ ఉండేదంటుంది. నేలమాళిగలో మూత తీయని సీసాలు ఆమె కంగారుగా వెళ్ళిపోయిందంటాయి. ఏదో జరిగింది. ఏం జరిగిందో కవి చెప్పడు, వస్తువులన్నీ సాక్ష్యం చెప్పి ఊరుకుంటాయి. ఈ చూపు ఆయనకి ఆ అండర్ రైటింగ్ బల్ల దగ్గరే పదునెక్కిందని నా నమ్మకం. ఇది నా ఊహే, కానీ ఆ కవిత చదివినప్పుడల్లా నాకు ఒక ప్రపోజల్ ఫారం నింపుతున్నట్టే ఉంటుంది. ఒక్కో గడి నిండుతూ పోతుంది, చివరికి ఒక కుటుంబం మన ముందు నిలబడుతుంది.

ఆఫీసు ఆయనకి ఇచ్చిన ఇంకో సంగతి, ఒక పాఠకురాలు. పొద్దున రాసిన కవితని ఆఫీసుకి తీసుకెళ్ళి తన సెక్రటరీకి చూపించేవాడు. ఆవిడ సాహిత్యం చదువుకున్న మనిషి కాదు. అర్థమైందా అని అడిగేవాడు. ఆవిడ కనుబొమలు ముడిపడితే ఇంటికి తీసుకెళ్ళి మళ్ళీ పని మొదలుపెట్టేవాడు. ఈ సంగతి విని నవ్వినవాళ్ళున్నారు. సెక్రటరీకి అర్థమయ్యేది కవిత్వమా అన్నారు. నాకు మాత్రం ఆయన మొత్తం జీవితంలో అన్నిటికన్నా గౌరవం కలిగించేది ఇదే. ఆవిడ చెప్పినట్టు రాశాడని కాదు. ఆవిడ ఎక్కడ తడబడిందో అక్కడ తన వాక్యంలో ఏదో అబద్ధం ఉందేమోనని వెతుక్కున్నాడు. యూనివర్సిటీలో ఉండిపోయి ఉంటే ఆయన కవితలు చదివేది తోటి కవులూ విద్యార్థులూ మాత్రమే. బీమా ఆఫీసులో పక్క బల్ల మీద ఉన్న మనిషి మామూలు మనిషి. ఆ మామూలు మనిషి కోసం రాయాలని ఆయన ఒట్టు పెట్టుకున్నట్టే రాశాడు.

తన పాఠకురాలు ఎవరో ఊహించుకుంటూ ఆయన రాసిన చిన్న కవిత ఒకటుంది. పాత రెయిన్‌కోటు వేసుకున్న ఒకావిడ పుస్తకాల షాపులో ఆయన పుస్తకం తీసి నాలుగు పేజీలు తిప్పి మళ్ళీ అలమరలో పెట్టేస్తుంది. ఈ డబ్బుతో నా కోటు ఉతికించుకోవచ్చు అనుకుంటుంది. అలాగే ఉతికించుకుంటుంది కూడా. ఆవిడ మీద కవికి రవ్వంత కోపం లేదు. డబ్బు లెక్కపెట్టుకుని బతికే మనిషి పుస్తకాన్ని వద్దనుకోవడంలో ఉన్న న్యాయాన్ని ఒప్పుకుని, అయినా ఆవిడ కోసమే రాస్తానంటాడు.

సరళత మరీ ఎక్కువైందని, లోతు తక్కువని ఆయన మీద విమర్శ ఉంది. అన్ని కవితలూ ఒకే ఎత్తులో ఉండవు, కొన్ని తీపి ఎక్కువై జారిపోతాయి, అది నేనూ ఒప్పుకుంటాను. కానీ మంచివి మంచివే.

ఇప్పుడు మీ పెద్దాయన మాట. అమెరికాలో కవులు కవిత్వం మీద బతుకుతారన్నది నిజం కాదమ్మా. పుస్తకాల అమ్మకాల మీద ఇల్లు గడిచే కవి అక్కడా అరుదు. చాలామంది యూనివర్సిటీల్లో కవిత్వ రచన నేర్పుతూ జీతం తీసుకుంటారు. అంటే వాళ్ళూ ఉద్యోగులే. పేపర్లు దిద్దుతారు, మీటింగులకి వెళతారు, సెలవుల కోసం చూస్తారు. ఆస్థానకవి అన్నానని రాజుగారి కొలువు ఊహించుకోకండి. లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ నియమించే పదవి అది, కూజర్ నాటికి దానికిచ్చేది ఏడాదికి 35,000 డాలర్లు. అక్కడి ధరల్లో ఆ డబ్బుతో గడుపుకు రావడం కష్టమే. కవిత్వం బయట పొట్టకూటి పని చేసినవాళ్ళు అక్కడ ఎప్పుడూ ఉన్నారు. వాలెస్ స్టీవెన్స్ హార్ట్‌ఫర్డ్‌లో బీమా కంపెనీ వైస్ ప్రెసిడెంటుగా 1955లో చనిపోయే దాకా ఉన్నాడు. విలియం కార్లోస్ విలియమ్స్ న్యూజెర్సీలో డాక్టరు, కాన్పులు చేస్తూ రాశాడు. వీళ్ళు రాసింది ఆదివారం కవిత్వమని ఆ దేశంలో ఎవరూ అనరు.

1998లో కూజర్‌కి నోటి క్యాన్సర్ వచ్చింది. ఆపరేషన్, రేడియేషన్. ఆ వేసవంతా చదవలేదు, రాయలేదు, తన మీద తనకే జాలిపడుతూ గడిపాడు. చర్మం ఎండకి తట్టుకోదు కాబట్టి ఒక ఏడాది ఎండలోకి రావద్దని డాక్టరు చెప్పాడు. అందుకని శరదృతువు నుంచి తెల్లవారక ముందే లేచి, గార్లండ్ ఊరి దగ్గర తన ఇంటి చుట్టూ ఉన్న మట్టిరోడ్ల మీద రెండు మైళ్ళు నడవడం మొదలుపెట్టాడు. నవంబరులో ఒకరోజు నడిచొచ్చాక ఉన్నట్టుండి ఒక కవిత రాశాడు. మర్నాడు ఇంకొకటి. వాటిని పోస్టుకార్డుల మీద అంటించి స్నేహితుడు జిమ్ హారిసన్‌కి పంపుతూ పోయాడు. ఆయనా కవే, నవలాకారుడు. చలికాలం ముగిసేసరికి ఆ కార్డులు నూరయ్యాయి. ఒక్కో కవిత ముందు ఆ రోజు తేదీ, వాతావరణం ఎలా ఉందో ఒక ముక్క. గాలి ఎటు వీస్తోంది, మంచు పడిందా, ఆకాశం తేటగా ఉందా. ఆ తర్వాత నాలుగైదు వాక్యాలు. క్యాన్సర్ మాట ఎక్కడో గానీ రాదు. ప్రాణం మీద ఆశ పుట్టుకొస్తున్న మనిషి చుట్టూ చూస్తున్న చూపు మాత్రం ప్రతి కార్డులోనూ ఉంది. అవి 2000లో 'వింటర్ మార్నింగ్ వాక్స్' పేరుతో పుస్తకమయ్యాయి. నాకు ఆయన పుస్తకాల్లో ఇదే అన్నిటికన్నా దగ్గర. కొన్నేళ్ళ కిందట నా చెల్లెలు కీమోథెరపీ తీసుకుంటున్నప్పుడు రోజుకొకటి తెలుగులోకి చెప్పి వినిపించేదాన్ని. తను అడిగేది మొదట వాతావరణం గురించే. "ఇవాళ అక్కడ మంచు పడిందా అక్కా?" అనేది.

ఆ జబ్బు తర్వాతే, 1999లో, అరవయ్యేళ్ళ వయసులో ఉద్యోగం మానేశాడు. అప్పటికి ఆయన కంపెనీలో వైస్ ప్రెసిడెంటు స్థాయి. ఆ తర్వాత ఐదేళ్ళకి, 2004 ఆగస్టులో, ఆస్థానకవి అయ్యాడు. ఆ నడిమి మైదానాల రాష్ట్రాల నుంచి ఆ పదవికి వచ్చిన మొదటి కవి ఆయనే. ఫోన్ వచ్చాక ఎంత కంగారుపడ్డాడంటే, మర్నాడు గరాజ్‌లోంచి కారు వెనక్కి తీస్తూ పక్క అద్దం ఊడగొట్టుకున్నాడట. 2005 ఏప్రిల్లో 'డిలైట్స్ అండ్ షాడోస్' అనే పుస్తకానికి పులిట్జర్ వచ్చింది. అప్పుడాయన వయసు 65. మొదటి సంపుటికీ దీనికీ మధ్య ముప్పై అయిదేళ్ళు. ఆ ముప్పై అయిదేళ్ళలో ముప్పై ఏళ్ళు ఆయన ఆఫీసుకి వెళ్ళొచ్చాడు.

ఆ బహుమతి పుస్తకంలో ఒక కవిత మీ కోసమే చెప్పాలి. క్యాన్సర్ ఆసుపత్రిలో రోగులు తమ వంతు కోసం కూర్చుని ఉన్నారు. ఒకావిడని ఇద్దరు యువతులు, బహుశా అక్కచెల్లెళ్ళు, చెరో చెయ్యి పట్టుకుని పరీక్ష గది వైపు నడిపిస్తున్నారు. ఆవిడ నెత్తిన ఊలు టోపీ. తన ఒక్కో పాదం ముందుకు ఊగి నేల మీద ఆనడాన్ని తనే వింతగా చూసుకుంటూ నడుస్తోంది. నర్సు తలుపు బార్లా తెరిచి పట్టుకుని, చిరునవ్వుతో నిలబడి ఉంది, తొందరపెట్టడం లేదు. ఆ గదిలో ఎవరికీ చిరాకు లేదు, విసుగు లేదు. చుట్టూ కూర్చున్నవాళ్ళు తిప్పుతున్న పత్రికల గరగర ఆగిపోతుంది. అంతే కవిత. జరిగింది ఏమీ లేదు. ఒక రోగి ఒక తలుపు దాకా నడిచింది. అందరూ చూసి మళ్ళీ పత్రికల్లోకి తలదించే దృశ్యం దగ్గర ఆయన ఆగి నిలబడ్డాడు. అందులో కష్టమైన మాట ఒక్కటీ లేదు. ఇలా చూడటానికి ఉద్యోగం మానేయాల్సిన అవసరం లేదు. మీ క్లెయిముల సెక్షన్ ముందు బెంచీల మీద కూర్చునేవాళ్ళు ఇలాంటి మనుషులే కదా.

పదవి వచ్చాక ఆయన చేసిన పని కూడా ఆ పాత ఆఫీసు అలవాటే. 2005లో దినపత్రికలకి వారానికొక చిన్న కవిత ఉచితంగా పంపే శీర్షిక మొదలుపెట్టాడు. బతికున్న కవుల కవితలు, ముందు తను రాసిన రెండు మూడు వాక్యాల పరిచయం. చిన్న ఊళ్ళ పత్రికల్లో సంతాప ప్రకటనల పక్కన, వంటల శీర్షికల పక్కన కవిత కనపడసాగింది. 2020 చివరిదాకా పదిహేనేళ్ళపాటు ఆయనే నడిపి, తర్వాత క్వామే డాస్ అనే మరో కవికి అప్పగించాడు.

ఆయన కథలో నేను మీకు యథాతథంగా అప్పగించలేనిది ఒకటుంది, ఆ 4:30. ఇంతకుముందు ఒకరిద్దరు ఆడవాళ్ళకి నేను "పొద్దున్నే లేవండి" అని సలహా ఇచ్చాను. ఇప్పుడు ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. మన ఇళ్ళలో ఆడవాళ్ళు ఆ వేళకి ఎలాగూ లేచే ఉంటారు. పాలు, టిఫిన్లు, పిల్లల బాక్సులు, అత్తగారి మందులు. ఇంకో రెండు గంటలు ముందు లేవమంటే నిద్ర చంపుకోమన్నట్టే. కాబట్టి మీ ఇంట్లో రాజీనామా చేయాల్సిన ఉద్యోగం ఏదైనా ఉంటే అది ఆఫీసుది కాదేమో చూడండి. వారంలో మూడు పొద్దులు వంటగది మీది కాదు. ఆ మాట మేనేజరుతో మాట్లాడే ముందు మీ ఆయనతో మాట్లాడండి. పిల్లలు ఏ వయసువాళ్ళో మీరు రాయలేదు. పదేళ్ళు దాటిన పిల్లలైతే బాక్సు వాళ్ళే సర్దుకోగలరు. ఒకరోజు ఉప్మా మాడినా ఫరవాలేదు. గట్టిగా అడగండి, తప్పు చేస్తున్నట్టు అడగకండి. పదిహేడేళ్ళుగా ఆ ఇంటికి జీతం తెస్తున్న మనిషి మీరు.

అదీ కుదరకపోతే ఆఫీసు అయిపోయాక అరగంట మీ బల్ల దగ్గరే ఉండిపోండి. నేను లెక్చరర్‌గా ఉన్న రోజుల్లో అలాగే చేశాను. ఆఖరి పీరియడ్ అయ్యాక స్టాఫ్ రూమ్ ఖాళీ అవుతుంది, బస్సు ఇంకో నలభై నిమిషాలకి. నేను అనువదించిన వాటిలో సగం ఆ నలభై నిమిషాల్లో చేసినవే. ఇంటికెళితే ఓపిక ఉండదన్నారు మీరు. నిజమే, ఇల్లు గడప తొక్కగానే మనల్ని పట్టుకుంటుంది. అందుకే గడప తొక్కకముందే రాసేయాలి. కౌంటరు మనుషుల ముఖాలు అప్పటికి ఇంకా కళ్ళముందే ఉంటాయి.

పెద్ద కవిత పెట్టుకోకండి. కూజర్ పోస్టుకార్డు పద్ధతి పట్టుకోండి. పైన తేదీ, ఆ రోజు ఒంగోలు వాతావరణం. "ఉక్క, సాయంత్రం సముద్రం గాలి" అన్నా చాలు. ఆ కింద ఆ రోజు కౌంటరు దగ్గర చూసిన ఒకే ఒక్క మనిషి లేదా వస్తువు, అయిదు వాక్యాలకి మించకుండా. దాన్ని ఒక స్నేహితురాలికి పంపండి. వాట్సాప్‌లో అయినా సరే, కానీ ఒక్క మనిషికే, గ్రూపుకి కాదు. గ్రూపులో పెడితే చప్పట్ల బొమ్మలు వస్తాయి, జవాబు రాదు. కూజర్ ఆ నూరు కార్డులూ ఒక్కరికే పంపాడు. తర్వాత ఆయనా హారిసన్ కలిసి చిట్టి కవితల పుస్తకం ఒకటి వేశారు, 2003లో. అందులో ఏది ఎవరు రాశారో వేయలేదు, అడిగినా చెప్పలేదు. అలాంటి ఒక్క స్నేహం ఉంటే పెద్దాయనల మాటలు అంతగా గుచ్చుకోవు.

ఇంకొకటి. మీ పక్క బల్ల మీద ఎవరు కూర్చుంటారు? మీ కవితలు వాళ్ళు ఎప్పుడైనా చదివారా? లేదంటే ఇన్నాళ్ళూ ఒక పాఠకుణ్ణి పక్కన పెట్టుకుని సభల్లో వెతుకుతున్నారన్నమాట. సిగ్గుపడకుండా చూపించండి. ఎక్కడ ఆగారో గమనించండి. బాగుందా అని అడగొద్దు, బాగుందనే అంటారు. "ఇందులో ఏం జరిగింది చెప్పు" అని అడగండి.

ఉద్యోగం ఎప్పటికీ మానకూడదని నేను అనడం లేదు. ఒక ఏడాది ఇలా రాయండి. ఏడాది తర్వాత కూడా ఆఫీసు మీ ఒంటినీ మనసునీ పిండేస్తోందనిపిస్తే, ఇంటి ఖర్చుల లెక్క ఒక కాగితం మీద వేసుకుని, పిల్లల చదువులూ మీకు రావాల్సిన డబ్బూ చూసుకుని అప్పుడు నిర్ణయించుకోండి. నాకు మళ్ళీ రాయండి, అప్పుడు నేను "ఇచ్చేయండి" అనవచ్చు కూడా. కానీ ఒక సభలో ఒకరు అన్న మాట గుచ్చుకుందని పదిహేడేళ్ళ సర్వీసు వదులుకోకండి. రాజీనామా ఒకసారి ఇచ్చాక వెనక్కి తీసుకోవడం ఎంత కష్టమో సరెండర్ చేసిన పాలసీలు చూసిన మీకు నేను చెప్పాలా?

ఆ శుభలేఖ కవర్ సంగతి. ఒక్కటీ రాయలేకపోతున్నానన్నారు. కానీ ఉత్తరంలో మూడు వాక్యాల్లో రాశారు. బాండు, శుభలేఖ కవరు, కాగితాలన్నీ ఇచ్చేసి కవరు మాత్రం అడిగిన ముసలాయన. ఆ మూడు వాక్యాలు చదివాక నేను కాసేపు ఉత్తరం పక్కన పెట్టేశాను. మీ పాతిక అచ్చు కవితలూ నేను చూడలేదు, కానీ వాటిలో ఏదైనా దీనంత బాగుందా అని అడగాలనుంది. ఆయన కళ్ళనీళ్ళ గురించి మీరు ఏమీ రాయలేదు, చాలా మంచి పని చేశారు. ఇప్పుడు ఇంకొన్ని సంగతులు కావాలి. కవరు మీద పసుపు మరకలు ఇంకా ఉన్నాయా? పెళ్ళి తేదీ కనపడుతోందా? పాలసీ తీసుకున్నది ఏ ఏడాది? కవరు మడతలు విడిపోకుండా ఆయన దేనితో కట్టి తెచ్చాడు? మీరు తిరిగి ఇచ్చినప్పుడు ఎక్కడ పెట్టుకున్నాడు, చొక్కా జేబులోనా, సంచిలోనా? ఫైలు ఇంకా మీ దగ్గరే ఉంటుంది కాబట్టి తేదీలు చూడగలరు. మిగతావి గుర్తు తెచ్చుకుని, ఆయన పేరు, పాలసీ నంబరు లేకుండా, పైన ఆ రోజు వాతావరణం వేసి నాకు పంపండి.